నాలుగు సెల్లుల కంప్యూటరు

ఈసారి పాత కంప్యూటరు మరమ్మతు గురించి రాయబోతున్నానని చెప్పగానే మా ఆవిడ నవ్వింది. "ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో కంప్యూటరు రిపేరు ఎవరికి కావాలండీ?" అంది. పోయినసారి చెక్కుబుక్కుల గురించి రాసినప్పుడూ ఇదే మాట అంది. మన సంఘం సభ్యులు ఓపిక గలవాళ్ళు కదా, ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

ముందు ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. దాని పేరు టీఆర్‌ఎస్-80 మోడల్ 100. 1983లో అమెరికాలో టాండీ వారు తమ రేడియో షాక్ దుకాణాల్లో అమ్మకానికి పెట్టారు. తయారుచేసింది మాత్రం జపాన్‌లోని క్యోసెరా కంపెనీ. ఇంచుమించు అదే యంత్రాన్ని కొద్ది మార్పులతో ఎన్ఈసీ, ఒలివెట్టి కంపెనీలు కూడా తమ పేర్లతో అమ్మాయి. ఏ4 కాగితమంత పొడుగూ వెడల్పూ, రెండంగుళాల మందం, కిలోన్నరకు కాస్త తక్కువ బరువు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లా మడత పడదు. పైన చిన్న తెర, కింద పూర్తి సైజు కీబోర్డు, పలక మాదిరిగా ఉంటుంది. ఆ తెర మీద ఎనిమిది వరుసలు, వరుసకు 40 అక్షరాలు. లోపల వెలుతురు ఉండదు. మన కాలిక్యులేటర్ల తెరలాంటిదే, దీపం దగ్గర కూర్చుని చదువుకోవాలి.

జ్ఞాపకశక్తి ఎంతంటే, 8 కిలోబైట్ల నుంచి మొదలుపెట్టి గరిష్ఠంగా 32 కిలోబైట్ల దాకా పెంచుకోవచ్చు. ఈ రోజు ఫోనులో తీసిన మామూలు ఫొటో ఒక్కటి దాచాలంటే ఇలాంటివి దాదాపు వంద కావాలి. లోపలి ప్రాసెసరు 8085 జాతిది, తక్కువ కరెంటుతో నడిచే రకం. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు మీ ఇంట్లో ఉంటే అడిగి చూడండి, కాలేజీ ల్యాబులో 8085 కిట్టు మీద కూడికలు చేయనివాళ్ళు తక్కువ. ఇక ఈ యంత్రం అసలు గొప్ప ఏమిటంటే, గోడ ప్లగ్గు అక్కర్లేదు. టార్చిలైటులో, గోడ గడియారంలో వేసుకునే పెన్సిల్ సెల్లులు నాలుగు వేస్తే ఇరవై గంటల దాకా పనిచేస్తుంది. అందుకే ఆ రోజుల్లో అమెరికా పత్రికా విలేఖరులు దీన్ని చంకన పెట్టుకుని తిరిగి, ఎక్కడ ఫోను కనిపిస్తే అక్కడి నుంచి వార్తలు పంపేవారు. అందులోని ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ వారివి. వాటిలో చాలా భాగం బిల్ గేట్స్ తన చేత్తో రాసినవే.

మరి ఇది మా ఇంటికి ఎలా వచ్చిందంటే, మా పెద్ద మావయ్య ఓడల్లో రేడియో ఆఫీసరు. టకటకమని మోర్సు కొట్టే ఉద్యోగం. ఉపగ్రహాల పద్ధతి వచ్చి 1999లో ఆ ఉద్యోగానికే కాలం చెల్లింది కానీ, అప్పట్లో ప్రతి పెద్ద ఓడలోనూ ఆ గది ఉండేది. 1985లో హ్యూస్టన్ రేవులో ఓడ ఆగినప్పుడు ఆయన దీన్ని కొన్నారు. కొత్తగా వచ్చినప్పుడు 8 కిలోబైట్ల రకం ధర 1099 డాలర్లు. అప్పటి డాలరు పన్నెండు రూపాయల చిల్లర. అంటే మా నాన్నగారి ఏడాది జీతానికి దగ్గర దగ్గర. కొన్న మాట విని మా అమ్మ వారం రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. తమ్ముడు సముద్రం మీద ఉన్నాడు కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలియలేదనుకోండి.

దానితో ఆయన చేసిన పని ఉత్తరాలు రాయడం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి, దిద్దుకుని, రేవు దగ్గర పడ్డాక తీరిగ్గా ఏరోగ్రామ్ మీద తెలుగులో చేత్తో ఎత్తిరాసి పోస్టు చేసేవారు. ఇంత శ్రమ ఎందుకంటే, "కొట్టివేతలు లేకుండా ఉండాలిరా, మీ అత్తయ్య అచ్చుతప్పులు పడుతుంది" అనేవారు. అత్తయ్య పెరంబూరు తెలుగు బడిలో టీచరమ్మ.

1991లో ఓడ దిగేశాక దాన్ని పాత పంచెలో చుట్టి బీరువా అడుగున పెట్టారు. 2018లో ఆయన పోయారు. ఆ తర్వాత నాలుగేళ్ళకు బీరువా సర్దుతుంటే ఆ మూట, దానితోపాటు ఒక చిన్న టేపురికార్డరు, మూడు క్యాసెట్లు బయటపడ్డాయి. క్యాసెట్ల మీద ఆయన దస్తూరీతో "జాబులు 1", "జాబులు 2", "లెక్కలు" అని ఉంది. అత్తయ్య నన్ను పిలిపించి, "ఏరా, మీ మావయ్య గొంతు ఉందేమో చూడు" అంది. మా ఇంట్లోని టేపురికార్డరులో వేశాను. కీచుమని ఒకటే రొద, చెవిలో సూది గుచ్చినట్టు. ఆవిడ అర నిమిషం విని, "ఇదేనా?" అంది.

గొంతు కాదు, అవి అక్షరాలు. అదెలాగో చెబితే గానీ తక్కిన కథ అర్థం కాదు.

ఆ కంప్యూటరులో డిస్కు లేదు. రాసింది ఏదైనా మెమరీ చిప్పుల్లోనే ఉంటుంది. స్విచ్చి ఆపినా చెరిగిపోదు, ఎందుకంటే లోపల మరో చిన్న బ్యాటరీ ఆ చిప్పులకు సన్నగా కరెంటు అందిస్తూనే ఉంటుంది. దీపం ఆరకుండా ఒక చుక్క, ఒక చుక్క నూనె పోసినట్టు. పెన్సిల్ సెల్లులు అయిపోయి మార్చే లోగా కూడా అదే కాపాడుతుంది, కొన్నాళ్ళ పాటు. మెమరీ నిండిపోతే మాత్రం రాసినదాన్ని మామూలు టేపురికార్డరు తగిలించి క్యాసెట్టులోకి ఎక్కించుకోవాలి. అక్షరాలను సన్న మోత, లావు మోతగా మార్చి, క్షణానికి 1500 చొప్పున టేపు మీద పరుస్తుంది. మేం విన్న రొద అదే. ఇప్పటి కంప్యూటరులోనే ఆ మోతను అక్షరాలుగా మార్చే ఉపాయాలు ఉన్నాయట. కానీ అత్తయ్య ఒకటే మాట అంది. "ఆయన ఏ పెట్టెలో రాశారో ఆ పెట్టెలోనే చూపించు."

మావయ్య మహా జాగ్రత్తపరుడు. మూట విప్పితే పెన్సిల్ సెల్లులు తీసేసి విడిగా కట్టి ఉన్నాయి. అడుగున మెమరీ కరెంటు ఆపే చిన్న మీట ఒకటి ఉంటుంది, అదీ ఆపేసి ఉంది. మనిషి చేయగలిగిందంతా చేశారు. కానీ ఆ లోపలి చిన్న బ్యాటరీ ఉంది చూశారూ, దాన్ని బోర్డుకే టంకం పెట్టి అతికిస్తారు. నికెల్-కాడ్మియం బ్యాటరీ. మీట ఆపినా దాని లోపలి రసాయనం ఊరుకోదు. ఏళ్ళు గడిచేకొద్దీ పొట్ట పగిలి క్షారం కారుతుంది. ఆ కాలపు యంత్రాలు చాలావాటిలో ఇదే పద్ధతి. నలభై ఏళ్ళు దాచుకుంటారని ఎవరూ అనుకోలేదు, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. రాసినదాన్ని రాత్రీ పగలూ కాపాడిన బ్యాటరీయే చివరికి బోర్డును తినేస్తుంది.

మీ ఇంట్లో పాత వీడియో గేమో, రేడియో గడియారమో, సంగీతం కీబోర్డో ఏదైనా దాచి ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు వెళ్ళి సెల్లులు తీసెయ్యండి. తర్వాత వచ్చి చదువుకోవచ్చు.

మొదట ఇంటి దగ్గరి ల్యాప్‌టాప్ రిపేరు అంగడికి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే. అటూ ఇటూ తిప్పి చూసి, "మదర్‌బోర్డు మార్చాలి అంకుల్, కానీ దొరకదు" అన్నాడు. ఈ కాలం మరమ్మతు అంటే మార్చడమే కదా. ఏ ముక్క చెడితే ఆ ముక్క తీసి కొత్తది పెడతారు. కొత్తది దొరక్కపోతే చేతులెత్తేస్తారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు నేర్పిందే అది. కానీ ఈ యంత్రంలో మార్చడానికి కొత్త ముక్క ప్రపంచంలో ఎవరూ తయారుచేయడం లేదు. ఉన్నదాన్నే బాగుచేయాలి.

అప్పుడు రిచీ స్ట్రీట్ గుర్తొచ్చింది. చెన్నైలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. బయటి ఊళ్ళవారికోసం చెబుతున్నాను, మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ సామాన్ల సందులు అవి. ముందు వరుసలో ఫోను కవర్లు, కెమెరాలు, తళతళలాడే బల్బులు. లోపలికి పోయేకొద్దీ వయసు పెరుగుతుంది. మేడమెట్ల కింద, మేడ మీద, రేడియో కాలం నాటి మనుషులు ఇంకా కొందరు ఉన్నారు. అలాంటి ఒక పెద్దాయన దగ్గరకు చేరాను. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు పడవలకు వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాడట. మావయ్య ఉద్యోగం సంగతి చెప్పగానే కుర్చీ చూపించాడు. పెట్టె చూసి, "పాక్కలాం సార్" అన్నాడు. చూద్దాం, అని. అవుతుందనీ అనలేదు, అవదనీ అనలేదు. నాకు ఆ మాటే నచ్చింది. మా బ్యాంకులో అప్పు అడగడానికి వచ్చినవారితో మేం అనే మాట కూడా అదే.

పెట్టె విప్పడమే సగం రోజు. కింద నాలుగు స్క్రూలు తీయడం పెద్ద పనేం కాదు. కష్టమంతా ప్లాస్టిక్కు కొక్కేలతోనే. నలభై ఏళ్ళకు ఆ ప్లాస్టిక్కు అప్పడంలా పెళుసెక్కింది. స్క్రూడ్రైవరు పెట్టి ఎగదీస్తే ఠక్కున విరుగుతుంది. ఆయన వాడేసిన ఏటీఎం కార్డు ఒకటి తీసి, అంచు వెంబడి జరుపుకుంటూ, ఒక్కొక్క కొక్కేన్నీ బుజ్జగిస్తూ విడదీశాడు. రెండు సగాలూ విడిపోయాక చప్పున పైకెత్తకూడదు. పై సగంలో తెరా కీబోర్డూ, కింది సగంలో బోర్డూ ఉంటాయి. మధ్యలో పొట్టి కేబుళ్ళు. పుస్తకం తెరిచినట్టు తెరవాలి.

తెరిస్తే, బ్యాటరీ ఉన్న మూలంతా చిలుము. పూజసామాన్లు తోమకుండా వదిలేస్తే పట్టే పచ్చటి చిలుమే. బ్యాటరీ కాళ్ళ దగ్గర మొదలై రాగి గీతల వెంబడి పాకింది. బోర్డు మీద ఆకుపచ్చ పూత ఉంటుంది కదా, దాని కింద నుంచి దూరుతుందది, చెదపురుగు గోడలో దూరినట్టు. పైకి కనిపించేది కొంచెం, లోపల తిన్నది ఎక్కువ. సముద్రపు గాలి తగిలే ఊరు కావడంతో అది ఇంకాస్త చురుగ్గా పనిచేసింది.

క్షారానికి విరుగుడు పులుపు. ఇది మన ఆడవాళ్ళకు తెలిసిన విద్యే. పెద్దాయన ముందు ఆ బ్యాటరీని కోసి తీసేసి, తెల్ల వెనిగర్‌లో దూది ముంచి అద్దాడు. బుసబుసమని చిన్న నురగ. పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా రుద్ది, నీళ్ళతో కడిగి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బల్బు కింద ఆరబెట్టాడు. కంప్యూటరు బోర్డును నీళ్ళతో కడగడం చూసి నా గుండె జారింది. "కరెంటు లేనప్పుడు నీళ్ళు ఏం చేస్తాయి సార్? పూర్తిగా ఆరాలి, అంతే" అన్నాడు.

తర్వాతిది విసుగు పుట్టించే పని, కానీ అసలు పని. మా అమ్మాయి ఆ యంత్రం సర్వీస్ మాన్యువల్ స్కాన్ ప్రతి సంపాదించి, సర్క్యూట్ బొమ్మలు పెద్ద కాగితాల మీద అచ్చు వేయించి ఇచ్చింది. నేను బొమ్మ చూసి ఈ చిప్పు ఈ కాలు నుంచి ఆ చిప్పు ఆ కాలుకు అని చదవడం, ఆయన మల్టీమీటరు రెండు ముళ్ళూ ఆ రెండు చోట్లా ఆనించడం. కుయ్‌మంటే గీత బతికున్నట్టు, అనకపోతే చచ్చినట్టు. శాఖల మధ్య లెక్కలు పోల్చుకునేటప్పుడు ఒకరు చదివి ఒకరు టిక్కు పెట్టే పద్ధతే ఇది. ఆ పనిలో నాకు ముప్ఫై ఏళ్ళ అనుభవం. శనివారాలు సెలవున్నప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. మూడు శనివారాలకు తేలిన లెక్క, తెగిన గీతలు ఏడు. ఒక్కొక్కదానికీ వెంట్రుక కంటే కాస్త లావుగా ఉండే తీగతో వంతెన కట్టాడు. చిలుము పట్టిన రాగికి టంకం అంటుకోదు, జారిపోతుంది. రాగి మెరిసేదాకా గీకి, అప్పుడు పెట్టాలి. ఎక్కువ గీకితే గీతే లేచి వచ్చేస్తుంది. ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన వేళ్ళలో ఉంది.

ఇక కండెన్సర్లు. ఇప్పుడు కెపాసిటర్లు అంటున్నారు, ఆయన మాత్రం కండెన్సర్లే అంటాడు. చిన్న డబ్బాల్లా ఉండే ఎలక్ట్రోలిటిక్ రకంలో ద్రవం ఉంటుంది, అదీ వయసు మీద పడితే కారుతుంది. వేడి సాల్డరింగ్ కడ్డీ తగలగానే చేపల బజారు వాసన కొడితే అది కారినట్టే గుర్తు. మా పెట్టెలో చాలావాటికి ఆ వాసన వచ్చింది. అన్నీ మార్చేశాడు. ఇవి మాత్రం ఇప్పటికీ దొరికేవే, పైగా వెనకటికంటే చిన్నవి, చవక. అన్నీ కలిపి విడిభాగాల ఖర్చు ఏడు వందల రూపాయలు దాటలేదు. కొత్త బ్యాటరీ నికెల్-మెటల్ హైడ్రైడ్ రకం, అదే 3.6 వోల్టులు. దాన్ని బోర్డుకు అతికించకుండా రెండు తీగలతో దూరంగా, ప్లాస్టిక్కు సంచిలో చుట్టి కూర్చోబెట్టాడు. రేపు ఇది కారినా సంచిలోనే కారుతుంది. గడియారాల్లో వేసే లిథియం బిళ్ళ వేయవచ్చు కదా అన్నాను. "ఈ సర్క్యూటు బ్యాటరీని ఛార్జి చేస్తుంది సార్. ఆ బిళ్ళకు ఛార్జి ఎక్కించకూడదు, పేలుతుంది" అన్నాడు. ఎవరైనా ఇలాంటి పనికి పూనుకుంటే ఇది గుర్తుంచుకోవలసిన మాట. ఇంకోటి, ఈ యంత్రం అడాప్టరు 6 వోల్టులది, కానీ దాని పిన్ను మధ్యలో నెగెటివ్, బయట పాజిటివ్. ఇప్పుడు బజారులో దొరికేవాటిలో ఎక్కువభాగం దీనికి తలకిందులు. అందుకని అడాప్టరు జోలికే పోకుండా సెల్లులతోనే నడిపాం.

నాలుగు సెల్లులు వేసి స్విచ్చి నొక్కితే ఏమీ లేదు. తెర ఖాళీ. పెద్దాయన కంగారు పడలేదు. ఈ యంత్రం సెల్లుల కరెంటును ప్లస్ 5 వోల్టులు, మైనస్ 5 వోల్టులు అని రెండు రకాలుగా మారుస్తుంది. మీటరు పెట్టి చూస్తే ప్లస్ సరిగానే ఉంది, మైనస్ రావడం లేదు. మైనస్ లేనిదే తెర మీద అక్షరం తేలదు. అంటే లోపల కంప్యూటరు మేలుకునే ఉందేమో, మనకు మొహం చూపించడం లేదు. ఎనిమిదో తెగిన గీత అక్కడ, ఒక కండెన్సరు కింద దాక్కుని ఉంది.

దాన్ని కలిపాక, పక్కనున్న చక్రం తిప్పితే తెర నల్లబడి తెల్లబడింది. కంట్రోల్, బ్రేక్ కీలు రెండూ నొక్కి పట్టుకుని వెనకనున్న రీసెట్ బొత్తాం నొక్కాలని మాన్యువల్ చెప్పింది, నొక్కాను. మెల్లగా మెనూ తేలింది. పై వరుసలో తేదీ, 1900 జనవరి 1, ఆదివారం. నిజానికి ఆ రోజు సోమవారం. ఈ యంత్రం వారాన్ని తనంతట లెక్కకట్టదు, మనం చెప్పిందే నమ్ముతుంది. సంవత్సరంలో చివరి రెండంకెలే మార్చనిస్తుంది, ముందున్న 19 శాశ్వతం. 1999 డిసెంబరు 31 రాత్రి మేం బ్యాంకులో జాగారం చేసిందంతా ఈ రెండంకెల భయంతోనే కదా! మర్నాడు పొద్దున మా శాఖలో అన్నీ సవ్యంగానే తెల్లవారాయి. ఈ పెట్టెకు మాత్రం ఇంకా ఇరవయ్యో శతాబ్దమే.

తెర కింది భాగంలో కుడి మూల ఒక ముక్క ఖాళీగా ఉండిపోయింది. ఆ తెరను పది చిప్పులు పంచుకుని నడుపుతాయి, పైన అయిదు, కింద అయిదు. అందుకే ఒకటి అలిగితే సరిగ్గా దాని వాటా మేరకు చతురస్రంగా చీకటి. ఆ చిప్పు కాళ్ళకు మళ్ళీ వేడి తగిలించి టంకం కరిగిస్తే అదీ దారికొచ్చింది. ఆ రోజు పెద్దాయన మా ఇద్దరికీ కాఫీ తెప్పించాడు. కూలి ఎంత అంటే, "మా కాలం ఆఫీసరు సార్ ఆయన" అని ఒక అంకె చెప్పాడు. నేను దానికి రెట్టింపు బల్ల మీద పెట్టి వచ్చాను.

పెట్టె లేచింది. ఇక దాని చేత క్యాసెట్లు చదివించాలి. మావయ్య టేపురికార్డరు లోపలి రబ్బరు బెల్టులు కరిగి తారులా అయిపోయాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి కొత్త బెల్టులు వేయడానికి ఒక సాయంత్రం పట్టింది. అంతకంటే ముందు మా అమ్మాయి పట్టుబట్టి మూడు క్యాసెట్ల రొదనూ తన కంప్యూటరులోకి నకలు తీసింది. ముసలి టేపు, తెగితే మళ్ళీ రాదు. ఆ పిల్లకు బ్యాంకు బుద్ధులు బాగానే వచ్చాయనుకున్నాను.

మొదటి రోజు ఒక్క అక్షరం ఎక్కలేదు. శబ్దం మరీ తగ్గితే వినపడదు, మరీ పెరిగితే మోతల మధ్య తేడా చెరిగిపోతుంది. టేపు తల పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. తల కాస్త వంకరగా ఉంటే కీచుధ్వని మందగిస్తుంది. ఆ స్క్రూను చెవి పెట్టి వింటూ, తంబురా శ్రుతి చేసినట్టు, రొద బాగా పదునెక్కేదాకా తిప్పాలి. రెండో ఆదివారం రాత్రి పదకొండింటికి తెర మీద 'ఫౌండ్' అనే మాట, దాని పక్కన 'జాబు01' అని ఇంగ్లీషు అక్షరాల్లో తేలింది. ఈ యంత్రంలో పేరుకు ఆరక్షరాలే పడతాయి, మావయ్య లెక్కపెట్టుకుని పెట్టినట్టున్నారు.

ఇక్కడ నాకు ఒక చిక్కు వచ్చింది. ఖాతాదారు పోయాక లాకరు తెరవాలంటే, నామినీని పక్కన పెట్టుకుని సాక్షుల ఎదుట తెరుస్తాం. లోపలి వస్తువుల జాబితా రాస్తాం, కాగితాలు చదవం. ఇవి భర్త భార్యకు రాసిన ఉత్తరాలు. సరిగా ఎక్కిందో లేదో చూడ్డానికి మొదటి వరుస చూడక తప్పదు. 'చి.ల.సౌ.' అని ఉంది, ఎక్కిందని తెలిసింది. అక్కడితో తెర ఆపేశాను. మొదటి క్యాసెట్టులో పద్నాలుగు జాబులు వచ్చాయి. రెండోదానిలో తొమ్మిది వచ్చాయి, రెండు ఎంత ప్రయత్నించినా మధ్యలోనే తెగిపోయాయి. 'లెక్కలు' క్యాసెట్టు మాత్రం ఇంటిల్లిపాదీ చదివాం. ఏ రేవులో ఏం కొన్నారో, ఎవరికి ఎంత అప్పిచ్చారో అన్నీ ఉన్నాయి. మా నాన్నగారి పేరు మీద రెండు వందల రూపాయలు ఇంకా బాకీ కనిపిస్తోంది.

పెట్టె తీసుకుని పెరంబూరు వెళ్ళాను. అత్తయ్యకు ఎనభై ఒకటి. కిటికీ దగ్గర బల్ల వేయించుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. వెలుతురు లేని తెర కాబట్టి మధ్యాహ్నం పూటే చదవాలి. కిందికి దిగే బాణం కీ చూపించాను. అక్షరం పెద్దది చెయ్యమంది, ఈ యంత్రంలో అది కుదరదని చెప్పాను. ఇంగ్లీషు అక్షరాల తెలుగు మొదట్లో తడబడింది గానీ, పది నిమిషాల్లో పట్టుబడింది. "దీర్ఘాలు ఎక్కడా పెట్టలేదు" అని ఒక్కసారి గొణిగింది.

పక్కనే ట్రంకుపెట్టెలోంచి ఏరోగ్రాములు తీసి వరుసగా పేర్చుకుంది. ఒక్కో జాబు తెర మీద మొదటి రెండు వరుసలు చూడగానే, దాని జత ఏరోగ్రాము తీసి పక్కన పెట్టేది. ఇది రాటర్‌డాము నుంచి వచ్చింది, ఇది పెద్దవాడికి ఆటలమ్మ పోసినప్పుడు వచ్చింది, అంటూ. నేను వంటింట్లో కోడలితో మాట్లాడుతూ కూర్చున్నాను. రెండు గంటల తర్వాత వెళ్ళి చూస్తే, తెర మీద పదకొండో జాబు ఉంది, బల్ల మీద దానికి జత లేదు. అత్తయ్య ఏరోగ్రాములన్నీ మళ్ళీ ఒకసారి తేదీల వారీగా చూసింది. లేదు. రాసుకున్నారు, ఎత్తిరాయలేదు, పోస్టు చేయలేదు.

నన్ను బయట కూర్చోమంది. బాణం కీ చప్పుడు చాలాసేపు వినిపించింది, ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ. ఎనిమిదేసి వరుసలే కనిపిస్తాయి కనుక తొందరగా చదవడానికి వీల్లేదు. చివరికి లోపలికి పిలిచి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఏరా, దీనిలో సెల్లులు తీసేస్తే ఇది చెరిగిపోతుందా?"

"పెట్టెలోంచి పోతుంది అత్తయ్యా. క్యాసెట్టులో ఉంటుంది."

"అయితే తియ్యి. క్యాసెట్టు నా దగ్గర పెట్టు. మీ అమ్మాయి తీసిందన్నావే, ఆ నకలు కూడా."

సెల్లులు నాలుగూ తీసి ఆవిడ చేతికిచ్చాను. అడుగున ఉన్న మెమరీ మీట కూడా ఆపేశాను.